నోటు మీద లేని సంతకం

ముప్పై నాలుగేళ్లు దేశపు కేంద్ర బ్యాంకులో పనిచేసి, చివరి నాలుగేళ్లు ఒక రాష్ట్రానికి రీజనల్ డైరెక్టరుగా కూర్చుని, రిటైరై నర్సీపట్నం తిరిగొస్తే మొదటి వారంలో నన్ను చూడటానికి పదకొండు మంది వచ్చారు. అందులో తొమ్మిది మంది చిరిగిన నోట్లు పట్టుకొచ్చారు. పదో ఆయన ఎలక కొరికిన నోటు తెచ్చాడు. పదకొండో ఆయన పక్కింటికి వెళ్లబోయి మా ఇంటికి వచ్చాడు, అయినా మర్యాదగా టీ తాగి వెళ్లాడు.

నేను ఎకనామిస్టునని, ధరల పెరుగుదల మీద జీవితమంతా పరిశోధన చేశానని ఎలక నోటాయనకు వివరించాను. ఆయన శ్రద్ధగా విని, "అవునండీ, సూస్తన్నాం కదండీ, బాగానే పెరిగాయి" అన్నాడు. అందులో వెటకారం లేదు. మనిషి కష్టపడ్డాడు, ఫలితం కనిపిస్తోంది అన్నట్టు నా వైపు గౌరవంగా చూశాడు.

నా ఉద్యోగ జీవితం గురించి అంతకంటే గొప్పగా నేను చెప్పుకోగలిగింది కూడా పెద్దగా లేదు. ఉల్లిపాయల ధర తగ్గుతుందని నేను రిపోర్టు రాసిన ప్రతిసారీ అది పెరిగింది. ఆఫీసు క్యాంటీన్‌లో వంటాయన నా రిపోర్టు ఎప్పుడొస్తుందో ముందే కనుక్కుని బస్తా ఉల్లిపాయలు కొని పెట్టుకునేవాడు. రీజనల్ డైరెక్టర్నయ్యాక పరిశోధన పోయి ఉపన్యాసాలు మొదలయ్యాయి. స్కూళ్లలో, కాలేజీల్లో నాకు బాగా పేరు తెచ్చిన ఉపన్యాసం 'నోటు మీద రాయకండి' అన్నది. నోటు మీది తెల్లటి జాగాలో ఫోన్ నంబర్లు, ప్రేమ సందేశాలు, కిరాణా లెక్కలు రాసే అలవాటు ఎంత సిగ్గుచేటో నలభై నిమిషాలు చెప్పేవాణ్ని. పిల్లలు గట్టిగా చప్పట్లు కొట్టేవారు. అది ముగిసినందుకని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

రిటైరయ్యాక మా అక్క ఇంట్లో దిగాను. నా భార్యకు ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది కాబట్టి ఆమె నగరంలోనే ఉండిపోయింది. అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేరి, ఆయాగానే రిటైరైంది. చర్చి వెనక సందులో రెండు గదుల ఇల్లు, పెరట్లో ఆనపపాదు, ఏడు కోళ్లు. ఐదో తరగతి దాకా చదివింది. తెలుగు బైబిలు వేలు పెట్టి చదువుతుంది. ఇంగ్లీషు, హిందీ రావు.

మా ఇద్దరి మధ్యా ఒక సంతకం కథ ఉంది. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఆసుపత్రిలో చేరిన కొత్తలో జీతాల రోజున ఆయాలందరితో వేలిముద్ర వేయించేవారు. ఆ సిరా రెండు రోజులకు గాని పోయేది కాదు. అన్నం కలుపుకుంటుంటే సిరా వేలు కనపడి అక్కకు ఒళ్లు మండేది. సంతకం నేర్చుకుంటానని పట్టుబట్టింది. సాయంత్రాలు పాత మందుచీటీల వెనక ఆమె తన సంతకం రాసేది, మూడో తరగతి చదువుతున్న నేను పక్కన కూర్చుని నాది రాసేవాణ్ని. రెండింటి రూపమూ ఆమే నిర్ణయించింది. ఇంటిపేరు మొదటి అక్షరం, తర్వాత పేరు పూర్తిగా, కింద గీత, గీత కింద రెండు చుక్కలు. చుక్కలు లేకపోతే అది సంతకం కాదు, వట్టి రాత అనేది. నేను విశాఖపట్నంలో కాలేజీకి వెళ్లిన మొదటి నెలలోనే ఆ తెలుగు సంతకం వదిలేసి ఇంగ్లీషులో ఒకటి తయారు చేసుకున్నాను. అది చూడటానికి వానపాము తిరగబడినట్టు ఉంటుంది. దాన్నే ముప్పై నాలుగేళ్లు ఫైళ్ల మీద పాకించాను.

ఇక మా చర్చి ఆనవాయితీ. ఏటా కోతల పండుగ నాడు ఇంట్లో ఏది మొదట చేతికొస్తే అది తెచ్చి దేవుడికి ఇస్తారు. దాన్ని ప్రథమ ఫలం అంటారు. తొలి గుమ్మడికాయ, పెట్ట పెట్టిన తొలి గుడ్డు, మాకవరపాలెం వైపు తోటలున్నవాళ్లయితే తొలి జీడిపిక్కలు. పొలాలు లేనివాళ్లు తొలి జీతంలోంచి తెస్తారు. ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో వాటిని వేలం వేస్తారు. పాడుకున్నవాళ్లు చాలాసార్లు ఆ వస్తువును మళ్లీ చర్చికే ఇచ్చేస్తారు, మళ్లీ పాట మొదలవుతుంది. ఒక కొబ్బరికాయ మూడుసార్లు అమ్ముడుపోవడం మామూలే.

నాకు ఉద్యోగం ఆర్డరు వచ్చిన ఏడు కోతల పండుగలో అక్క లేచి నిలబడింది. దేశానికి నోట్లిచ్చే బ్యాంకులో తమ్ముడికి ఉద్యోగం వచ్చిందని చెప్పింది. చర్చంతా నా వైపు తిరిగింది. "నా తమ్ముడి సంతకంతో ఒచ్చే మొదటి నోటు నాది కాదు, దేవుడిది. ఈ కానుక పెట్టిలోనే ఏస్తాను. ఇది నా మొక్కు" అంది.

నేను మూడో బెంచీలో కొత్త చొక్కాలో ఉన్నాను. నోట్ల మీద గవర్నరొక్కడే సంతకం పెడతాడని, నేను చేరబోయేది కింద నుంచి లెక్కపెడితే తొందరగా దొరికే కుర్చీ అని నాకు స్పష్టంగా తెలుసు. లేచి ఆ ముక్క చెబితే సరిపోయేది. చెప్పలేదు. వినయంగా తల వంచుకున్నాను. ఆ వంచడం చూసి జనం, ఎంత అణకువ, ఈ పిల్లోడు పైకొస్తాడు అనుకున్నారు. తర్వాత కాలంలో నేను చాలా తప్పుడు అంచనాలు వేశాను గాని, తెలిసి తెలిసి చేసిన మొదటి తప్పు ఆ తల వంచడమే.

అక్కణ్నుంచి ప్రతి ప్రమోషన్‌కీ అక్క ఒకటే ప్రశ్న అడిగేది. "ఈపాలి పడతాదా?" నేను వచ్చే సిరీస్‌లో చూద్దాం అనేవాణ్ని. గులాబీ రంగు నోట్లు వచ్చినప్పుడు, నీలం నోట్లు వచ్చినప్పుడు, ఊదా రంగు వంద వచ్చినప్పుడు ఆమె మొదటి రోజే ఒకటి సంపాదించి, చర్చిలో ఇంగ్లీషు వచ్చినవాళ్ల చేత సంతకం చదివించుకునేది. తర్వాత నాకు ఫోను చేసి, "నీది కాదురా" అని నన్నే ఓదార్చేది. ఆ ఓదార్పు కూడా నేను తీసుకున్నాను. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, అందుకు థాంక్స్ కూడా చెప్పాను.

రీజనల్ డైరెక్టర్నయిన రోజున ఉత్సాహం ఆపుకోలేక, "ఈ రాష్ట్రానికంతటికీ నేనే అక్కా" అన్నాను. "అలగైతే ఆ రాష్ట్రం నోట్ల మీద నీ సంతకమే కదా ఉంటాది?" అంది. కారు కింద ఎదురు చూస్తోంది, డ్రైవరు తలుపు తీసి పట్టుకుని ఉన్నాడు, మనసు ఎక్కడో మబ్బుల్లో ఉంది. "అక్కడి నోట్లు మన వైపు రావులే" అనేశాను.

ద్రవ్యం మీద రెండు డిగ్రీలున్న మనిషి అన్న మాట అది. ఒక రాష్ట్రం నోటు ఇంకో రాష్ట్రానికి రాదట. మొదటి సంవత్సరం విద్యార్థి ఈ మాట రాసుంటే సున్నా వేసి, పక్కన ఎర్ర ఇంకుతో వాడి తండ్రిని పిలిపించేవాణ్ని. అక్క మాత్రం నమ్మింది. నమ్మి ఊరుకోలేదు. జీడిపప్పు లోడుతో ఆ రాష్ట్రం వెళ్లే లారీ డ్రైవర్లందరికీ చెప్పి, ఆ రాష్ట్రం నోటు ఒకటి తెచ్చిపెట్టమంది. వాళ్లు తెచ్చారు. ఆమె మళ్లీ చదివించుకుంది. "మీ కాడ కూడా ఆ పాత మనిషి సంతకమే ఉందిరా" అని ఫోనులో నెమ్మదిగా చెప్పింది. పాత స్టాకు అయ్యుంటుంది అన్నాను.

ఇదంతా ఒక ఎత్తు. రిటైరై వచ్చిన రెండో నెలలో, కోతల పండుగ ఇంకా నాలుగు రోజులుందనగా, పాస్టరుగారు ఇంటికొచ్చారు. కుర్రవాడు, నిండా ముప్పై ఐదేళ్లు ఉండవు. ఈసారి వేలంపాట నన్ను నడిపించమని అడగడానికి వచ్చారు. అక్క టీ పెట్టడానికి లోపలికి వెళ్లగానే గొంతు తగ్గించి, "అమ్మగారు పాట అయ్యాక రెండు నిమిషాలు మైకు అడిగారండీ. మీకు తెలిసే ఉంటుంది" అన్నారు.

తెలియదన్నాను. ఆయన ఇబ్బందిగా కదిలారు. మొక్కు తీర్చలేకపోయానని సంఘం ముందు ఒప్పుకుని, ఆ మొక్కు నుంచి విడుదల కోరుకుంటుందట అక్క. తమ్ముడి వల్ల లోపం లేదు, అతను తన వంతు కష్టపడ్డాడు, తన ప్రార్థనలోనే ఎక్కడో అవిశ్వాసం ఉంది, అందుకే ఆ సంతకం పెట్టే కుర్చీ వాడికి దక్కలేదు అని చెప్పాలనుకుని, ఆ మాటలు పాస్టరుగారినే సరిచేసి ఇవ్వమందట. నోటు మీద సంతకం పెట్టే పెద్దమనుషుల మనసు మెత్తబడాలని ఇన్నేళ్లూ పొద్దుటి ప్రార్థనలో వాళ్లను తలుచుకుంటూనే ఉందట. "చాలామంది మారారు కదండీ, ఒక్కొక్కరి కోసం విడిగా చేశారు" అన్నారాయన.

అన్న మాట తప్పిందని మా అక్కను ఇంతవరకూ ఒక్కరూ వేలెత్తి చూపలేదు. ఆసుపత్రిలో రోగి పక్కన ఉంటానంటే ఉండేది, చర్చికి కోడి ఇస్తానంటే ఆ కోడే తెచ్చేది. ఇప్పుడు డెబ్బైకి దగ్గరపడ్డాక, నా అబద్ధాన్ని తన పాపంగా నెత్తినేసుకుని నలుగురిలో నిలబడబోతోంది. నాకున్నది నాలుగు రోజులు.

మొదటి రోజు వాయిదా వేశాను. రెండో రోజు వంటింటి గడపలో కూర్చుని మొదలుపెట్టాను. అక్క ఆనపకాయ తరుగుతోంది, పొయ్యి మీద పులుసు ఉడుకుతోంది.

"అక్కా, అసలు నోట్ల జారీ అనేది ఒక వ్యవస్థ" అన్నాను.

"బేగి సెప్పు, పులుసు దించాల."

నేను బేగి చెప్పగలిగితే ఎకనామిస్టును ఎందుకవుతాను? ప్రెస్సుల గురించి చెప్పాను. ప్రెస్సుల నుంచి ఖజానాలకు ఎలా వస్తాయో చెప్పాను. రీజనల్ ఆఫీసుల బాధ్యతలు చెప్పాను. అక్క మధ్యలో కత్తిపీట పక్కకు జరిపి, "మరి ఇందలో నీ సంతకం ఏ కాడ పడతాది?" అంది. సూటిగా అడిగిన ప్రశ్న. "సూత్రప్రాయంగా చూసుకుంటే" అని నేను మొదలెట్టేసరికి పులుసు అడుగంటింది. ఆమె లేచిపోయింది. ఆ పూట ఇద్దరం మాడు వాసన పులుసుతో తిన్నాం, నేను రెండోసారి వడ్డించుకుని బాగుందన్నాను. మూడో రోజు, నాలుగో రోజు నోరు తెరవలేదు. పిరికితనానికి పెన్షన్ ఉంటే నాకు రెండు పెన్షన్లు వచ్చేవి.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆవరణలో షామియానా కింద పాట మొదలైంది. నా చేతికి మైకిచ్చారు. బల్ల మీద గుమ్మడికాయలు, పనసకాయ, కాళ్లు కట్టిన కోళ్లు, ఏటికొప్పాక నుంచి ఎవరో తెచ్చిన లక్క బొమ్మల జత, ఒక పళ్లెంలో ఒకే ఒక్క గుడ్డు. కానుక పెట్టె మీద కొత్తగా క్యూఆర్ కోడ్ అంటించి ఉంది. సగం మంది చేతుల్లో డబ్బు లేదు, ఫోన్లున్నాయి.

గుడ్డుతో మొదలుపెట్టమన్నారు. ఇరవై అన్నారెవరో. యాభై. వంద. నూట యాభై. నా లోపల ముప్పై నాలుగేళ్ల అలవాటు ఉలిక్కిపడింది. గుడ్డుకు నూట యాభై ఏమిటి? రెండొందలు అనగానే, "చాలండీ, ఇక్కడితో ఆపుదాం" అని పాట కొట్టేశాను. జనం నోరు తెరుచుకుని చూశారు. సంఘ పెద్ద, జీడిపిక్కల వ్యాపారి ఒకాయన నా చెవిలో, "సారూ, మీరు ధర ఆపకండి. ఇది సంత కాదు. ఇక్కడ ధర పెరగాల" అన్నాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎక్కడా ఒక్క ధరా ఆపలేకపోయిన నేను చివరికి ఆపింది మా చర్చి గుడ్డు ధర. దాన్ని మళ్లీ పాటకు పెట్టి, నన్ను నోరు మూసుకుని అంకెలు మాత్రం పలకమన్నారు. అలాగే పలికాను.

అన్నీ అయ్యాయి. పాస్టరుగారు తల ఊపారు. ముందు వరసలోంచి అక్క లేచింది. తెల్లచీర, చంకలో బైబిలు. ఆ బైబిలులోంచి కొత్త ఊదా రంగు వంద నోటు అంచు కనపడుతోంది. మొక్కు తీరనందుకు క్షమాపణ కానుకగా తెచ్చుకుందని తర్వాత తెలిసింది. నా దగ్గరకొచ్చి మైకు కోసం చెయ్యి చాచింది.

నేను మైకు ఇవ్వలేదు.

"ఇయ్యరా" అంది నెమ్మదిగా.

"అక్క చెప్పాల్సింది ఏమీ లేదండీ. నేను చెప్పాలి" అన్నాను. సూత్రప్రాయంగా అనలేదు. "నోటు మీద నా సంతకం పడే అవకాశం ఏ రోజూ లేదు. మా ఆఫీసులో వేలమంది ఉంటాం, గవర్నరొక్కరే పెడతారు. అక్క మొక్కుకున్న రోజున కూడా నాకు ఇది తెలుసు. గొప్ప కోసం ఊరుకున్నాను. తర్వాత అడిగినప్పుడల్లా అబద్ధం చెప్పాను. రాష్ట్రానికో రకం నోటు ఉంటుందని కూడా చెప్పాను. ఆమె ప్రార్థనలో ఏ లోపమూ లేదు. లోపం ఇక్కడ నిలబడి ఉంది."

కట్టేసిన కోడి ఒకటి కొక్కొక్కో అంది. కాసేపటికి వెనక బెంచీలోంచి ఎలక నోటాయన, "అయితే సిరిగిన నోట్లు మార్సడం కూడా మీ సేతిలో లేదేటండి?" అని అడిగాడు. లేదన్నాను. జనం నవ్వారు. నవ్వినందుకు నాకు ప్రాణం లేచి వచ్చింది గాని, అక్క నవ్వలేదు.

ఆమె నా ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. చిన్నప్పుడు ఆమె దాచుకున్న బెల్లం తిని నేను పిల్లి మీదకు నెట్టినప్పుడు కూడా ఇలాగే చూసింది.

"పతీ పొద్దూ మోకాళ్లేసి, ముక్కూ మొహం తెలీని ఆళ్ల కోసం పార్థన సేశానురా" అంది. మైకులో పడలేదు గాని ముందు వరసలకు వినపడింది. "ఆళ్లేటి పాపం సేశారు? నీ సంగతి ఇంటి కాడ సెప్తాను."

తర్వాత బైబిలులోంచి ఆ వంద నోటు తీసింది. నా చొక్కా జేబులోంచి పెన్ను లాగి, గుడ్డు పళ్లెం పక్కకు నెట్టి, నోటును బల్ల మీద పరిచింది. దాని తెల్లటి జాగా మీద వేలు పెట్టింది.

"సంతకం ఎట్టు."

నాకు నలభై నిమిషాల ఉపన్యాసం మొత్తం గుర్తొచ్చింది. నోటు మీద రాయకూడదు అక్కా, అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"అబద్ధం ఆడొచ్చేటి?" అంది.

పెన్ను తీసుకున్నాను. చెయ్యి అలవాటు చొప్పున వానపామును సగం తిప్పబోయింది. అక్క నా మణికట్టు పట్టుకుంది. "అది కాదు. నాకు సదవడం రాదు అది. మనం నేర్సుకున్నది ఎట్టు."

ఆ సంతకం నేను పెట్టి నలభై ఏళ్లు దాటింది. ఇంటిపేరు అక్షరం దగ్గరే చెయ్యి ఆగిపోయింది. మూడో తరగతి పిల్లాడిలా ఒక్కొక్క అక్షరమే దిద్దుకుంటూ పేరు పూర్తి చేశాను, చివరి అక్షరం కిందికి జారింది. కింద గీత గీసి, చుక్క పెట్టాను. కళ్లలో నీళ్లు వచ్చి గీత రెండుగా కనపడింది. రీజనల్ డైరెక్టర్లు ఏడవరని ఎక్కడా రూలు లేదు కాబట్టి ఏడ్చాను.

అక్క నోటు దగ్గరగా తీసుకుని, వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే పైకి చదివింది. ఇన్నేళ్లలో నోటు మీది సంతకం ఆమె తనంతట తాను చదవడం అదే మొదలు. చివరి దాకా చదివి, వేలు గీత కిందికి జరిపి ఆగింది.

"ఒక సుక్కే ఉంది" అంది.

రెండోది పెట్టాను. అప్పుడు తీసుకెళ్లి కానుక పెట్టెలో వేసింది.